ఈవలి ఒడ్డు వెంట పెన్‌గంగ

2024 ఆగస్టు 24, శనివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు బిలోలి బస్టాండులో ఈ యాత్ర ప్రారంభమైంది. అంతకుముందే, ఇంటి గడపలో, మా అత్తమ్మ నా నుదుట కుంకుమ పెట్టి "అల్లుడా, నది మాత్రం దాటకు" అని మూడోసారి చెప్పింది. నేను తల ఊపాను. వెళుతున్నది నదిలో పడవ నడిపే పరీక్షకు.

విషయాన్ని వివరించడం అవసరం. కిన్వట్ సమీపంలో పెన్‌గంగ నది మీద, వానాకాలపు నెలల్లో రాఫ్టింగు, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో ఉరవడి నీటి మీద సాగే విహారం, నడపాలని ఒక కొత్త సంస్థ సంకల్పించింది. నిజామాబాదు, ఆదిలాబాదు వైపు నుండి వచ్చే పర్యాటకులతో తెలుగులోనూ, అధికారులతో మరాఠీలోనూ మాట్లాడగల ఒక పడవ నాయకుడు వారికి కావాలి. నేను నాయ్‌గావ్‌లో ఒక జూనియర్ కళాశాలలో గంటల లెక్కన భూగోళశాస్త్రం బోధిస్తాను. సెలవులు వస్తే గంటలు ఉండవు. గంటలు లేకపోతే జీతం ఉండదు. మా వంశంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి కావడం వలన, ఇంగ్లీషు పేరు గల ప్రతి వస్తువూ నాకు తెలిసి ఉంటుందని మా ఇంట్లో ఒక నమ్మకం. రాఫ్టింగు పరీక్షకు పిలుపు వచ్చిందని చెప్పినప్పుడు మా నాన్న పొలం నుండి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. "గది ఏ ఆఫీసు కింద అస్తది?" అని మాత్రమే అడిగాడు.

అప్పటికి నా భార్య సుజాతకు అయిదో నెల; అందుకే అత్తమ్మ మా ఇంట్లోనే ఉంటున్నది. మా వైపు కుటుంబాల్లో గర్భిణి భర్తకు కొన్ని నిషేధాలుంటాయి. క్షవరం చేయించుకోరాదు, పాడె మోయరాదు, నది దాటరాదు. మొదటి నిషేధాన్ని నేను ఎంత నిష్ఠగా పాటించానంటే, కళాశాలలో పిల్లలు నేను ఏదో దీక్షలో ఉన్నానని భావించి నమస్కారాలు పెంచారు. మూడోదే చిక్కు. రెండేళ్ల క్రితం, మొదటిసారి, మూడో నెలలోనే గర్భం నిలువకుండా పోయింది. ఆ నెలలోనే నేను ఒక పెళ్లికి నాటుపడవలో మంజీర దాటి వెళ్లి ఉన్నాను. ఈ రెండింటినీ కలిపి మా ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరూ అననందువల్ల దానికి సమాధానం చెప్పుకునే అవకాశమూ నాకు రాలేదు.

ఈసారి సుజాత నన్ను అడిగింది ఒక్కటే. "దాటనని మాటియ్యి. గంతే."

మాట ఇచ్చాను. ఇచ్చిన తరువాత, భూగోళశాస్త్రం చదివినవాడిని గనుక, ఒక సూక్ష్మాన్ని గమనించాను. నదిని దాటడం వేరు, నది వెంట సాగడం వేరు. రాఫ్టు ఈవలి ఒడ్డున బయలుదేరి, దిగువన ఈవలి ఒడ్డుకే చేరితే, దాటినట్టు ఎలా అవుతుంది? ఈ వాదాన్ని అత్తమ్మ రెండు రోజులు ఆలోచించి, ఒక షరతు మీద అంగీకరించింది. కాపలాకు తన కొడుకు గంగాధర్ నా వెంట వస్తాడు.

గోదావరి వంతెన

గంగాధర్ నా బావమరిది, టెంపో నడుపుతాడు. ఇతరుల బండిలో కూర్చున్నప్పుడు అతనికి కాలు ఊరుకోదు. లేని బ్రేకును తొక్కుతూనే ఉంటాడు. నాందేడ్ చేరబోయే ముందు బస్సు గోదావరి వంతెన ఎక్కింది. నది నిండుగా, ఎర్రగా పోతున్నది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు నమస్కరించి రూపాయి బిళ్లలు విసురుతున్నారు. గంగాధర్ మాత్రం నా మోకాలు తట్టాడు.

"బావా, కాళ్లు లేపు."

"ఎందుకు?"

"అమ్మ చెప్పింది. వంతెన మీంచి పోతే తప్పు లేదంట గని, కాళ్లు కింద ఆనద్దంట."

"కింద బస్సు ఉంది కదా, గంగాధర్. దాని కింద వంతెన ఉంది."

"నాకేం తెల్సు బావా. లేపమంది, లేపు."

గోదావరి వంటి నదిని కాళ్లు ముడుచుకుని, గడ్డంతో, సీటు మీద పద్మాసనంలో దాటిన నన్ను చూసి కండక్టరు "మహారాజ్, కుఠే?" అని, ఎక్కడికి స్వామీ అని, వినయంగా అడిగాడు. నాందేడ్ స్టేషను వరకు నన్ను నిలబడనివ్వలేదు. నిషేధాలకు కొన్ని ప్రయోజనాలు కూడా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

స్టేషను బయట ఫలహారం చేశాం. రాయలసీమలో ఉగ్గాణి అనే వంటకానికి దగ్గరగా, మరమరాలను తడిపి, పల్లీలు, పచ్చిమిర్చి వేసి తాలింపు పెట్టినదాన్ని ఇక్కడ సుశీల అంటారు. ప్లేటు ముప్పై రూపాయలు. గంగాధర్ రెండు తిని, "పేరు ఆడమనిషిది, కారం మా అమ్మది" అన్నాడు.

కిన్వట్ వైపు రైలు

ఆదిలాబాదు పోయే రైలులో మా ఎదుట ఒక వృద్ధుడు, ఒక లంబాడా స్త్రీ కూర్చున్నారు. వృద్ధునిది భోకర్, తెలుగు మనిషి, కూతురింటికి వెళుతున్నాడు. మా ప్రయాణ కారణాన్ని గంగాధర్ అడగకుండానే వారికి వివరించాడు, నిషేధంతో సహా. నేను కిటికీ వైపు చూశాను.

"గట్లెట్లయితది?" అన్నాడు వృద్ధుడు. "దాటద్దనేది సముద్రం. నది గాదు. నేను ఆరుగురు పిల్లల తండ్రిని. దినాం దాటిన."

"మీ ఊర్ల నది ఏది తాతా?" అన్నాడు గంగాధర్.

"నది లేదు. వాగు."

"వాగు దాటితే ఎవడద్దన్నడు?"

లంబాడా స్త్రీ సంచిలోంచి సీతాఫలాలు తీసి మా చేతుల్లో పెడుతూ, తమ తండాలో అయితే భార్య కడుపుతో ఉంటే మగవాడు రెండింతలు పని చేయాలని, అంతకుమించి నియమం ఏదీ లేదని మరాఠీలో చెప్పింది. తరువాత నన్ను తేరిపార చూసి, "హా కామ్ కరతో కా?" అని అడిగింది. ఇతను పని చేస్తాడా అని. గంగాధర్ "సారు, పాఠాలు చెప్తడు" అన్నాడు. ఆమె సానుభూతితో మరొక ఫలం ఇచ్చింది.

గోకుంద

కిన్వట్ స్టేషను నిజానికి గోకుందలో ఉంది. స్టేషను దగ్గర రాజవ్వ అనే ఆమె రేకుల కింద హోటలు నడుపుతుంది. జొన్నరొట్టె, పుంటికూర అనే గోంగూర, నూరిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ. యాభై రూపాయలకు ఎంత తింటే అంత. మా ఇంట్లో పుంటికూరలో పప్పు వేస్తారు. ఇక్కడ జొన్నరవ్వ వేసి గట్టిగా ఉడికిస్తారు, పైన వెల్లుల్లి నూనె పోస్తారు. మాది మంచిదని గంగాధర్ అన్నాడు. అంటూనే మూడోసారి వేయించుకున్నాడు.

రాజవ్వ తెలుగు మా తెలుగే. అదే ధైర్యంతో గంగాధర్ ఆమె ముందు కూడా కథ విప్పాడు. ఆమె రొట్టె తట్టడం ఆపలేదు.

"పిల్ల ఏమన్నది? నీ అక్క?"

"దాటద్దన్నది."

"ఎందుకన్నది?"

గంగాధర్ నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను.

"ఎందుకంటే... దాటద్దు గనుక," అన్నాడు గంగాధర్.

"మంచిగున్నరు ఇద్దరు," అని రాజవ్వ పెనం మీద రొట్టె తిప్పింది.

రాఫ్టు మీద మొదటి రోజు

నది చూసిన క్షణం గురించి అతిశయోక్తి లేకుండా రాయడం కష్టం. మా మంజీర వెడల్పుగా, సోమరిగా, ఇసుక మీద పోతుంది. ఇక్కడి పెన్‌గంగ నల్లబండల మధ్య ఇరుక్కుని, ఎవరి మీదనో కోపంతో ఉన్నట్టు పోతున్నది. ఈవల నాందేడ్ జిల్లా, అవతల యవతమాళ జిల్లా. నది మధ్య నుంచి సరిహద్దు పోతుందని నేను తరగతిలో ఎన్నోసార్లు బోర్డు మీద గీసి చూపించాను. బోర్డు మీద అది చప్పుడు చేయలేదు.

మాకు శిక్షణ ఇచ్చిన దీపా గారు గఢ్‌వాల్ కొండల మనిషి. చిన్నప్పటి నుంచి నదుల మీదే ఉన్నారు. నా జుట్టు మీద హెల్మెట్ ఎక్కడం లేదని గ్రహించి, "కటింగ్ కరా లో, గురూజీ" అన్నారు. ఇంకా నాలుగు నెలలు వీలు కాదన్నాను. కారణం అడగకుండా పెద్ద హెల్మెట్ తెప్పించారు. దాన్ని నేను మర్యాదగా భావించాను.

ఆమె చెప్పిన పాఠం క్లుప్తం. తెడ్డు వేయమంటే వేయాలి, ఆపమంటే ఆపాలి. నీటిలో పడితే వెల్లకిలా తేలుతూ, కాళ్లు ముందుకు పెట్టాలి. ఒడ్డు నుండి తాడు వస్తే పట్టుకోవాలి. ఇతర అభ్యర్థులు తల ఊపారు. నేను రెండు ప్రశ్నలు అడిగాను. రెండింటికీ ఆమె "పకడ్నా హై, బస్" అన్నారు, పట్టుకోవాలి, అంతే అని.

రాఫ్టు ఈవలి ఒడ్డున కదిలింది. మొదటి ఉరవడిలో నీళ్లు ముఖం మీద తలుపు మూసినట్టు కొట్టాయి. రెండో ఉరవడిలో నా అరుపు నాకే వినిపించింది. అది భయం కాదని గ్రహించి ఆశ్చర్యపోయాను. చిన్నప్పుడు ఊరి బావిలో ఈత నేర్చుకున్నాను గాని, నీరు మనిషిని మోసుకుని పరిగెత్తడం ఎరుగను. మూడో మలుపు దాటాక నాకు ఈ ఉద్యోగం జీతం కోసం కాకుండా కూడా కావాలనిపించింది. రాఫ్టు ఈవలి ఒడ్డుకే చేరింది. ఒడ్డు వెంట బండల మీద మాతోపాటు పరిగెత్తిన గంగాధర్ చెప్పులు చేత పట్టుకుని, మా అందరికంటే ఎక్కువ తడిసి వచ్చాడు.

సాయంత్రం సుజాత ఫోను చేసింది.

"ఏ ఒడ్డుకున్నవ్?"

"ఈవలి ఒడ్డుకే."

"తిన్నవా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్న. మంచిగుందా?"

చాలా బాగుందని చెప్పాను. నా గొంతులో ఏమి వినిపించిందో గాని, "సరె" అని పెట్టేసింది.

మూడు బండల దగ్గర

మరుసటి రోజు అసలు పరీక్ష. ఒక్కొక్కరు ఒంటరిగా కయాకులో, అంటే కాళ్లు లోపలికి చాపి కూర్చునే సన్నని పడవలో, మూడు బండల ఉరవడి దిగాలి. దీపా గారు దారి చూపించారు. పైమడుగు నుండి బయలుదేరి, బండలకు ఎగువనే నదిని అడ్డంగా దాటి, అవతలి ఒడ్డు వెంట నున్నగా జారే నీటిలో దిగి, అవతలి మడుగులో ఆగాలి. ఈవలి వైపు బండల కింద నీరు వెనక్కి తిరుగుతుందని, అటు ఎవరూ పోకూడదని రెండుసార్లు చెప్పారు. దాటడం ఇష్టంలేనివారు వచ్చే నెల మళ్లీ రావచ్చన్నారు. భయపడేవారి కోసం ఆమె ఆ మాట అన్నారు. నా సంగతి ఆమెకు తెలియదు.

చెప్పి ఉండవలసింది. చెబితే ఒక డిగ్రీ చదివినవాడు ఇలాంటి కారణం చెబుతున్నాడని అనుకుంటారేమోనని సంకోచించాను. నిషేధాన్ని పాటించాలి, పాటిస్తున్నట్టు తెలియకూడదు. అందువలన శాస్త్రీయంగా ఒక పరిష్కారం కనిపెట్టాను. నదికి నడిమి గీత ఉంటుంది గదా. దాని వరకు వెళ్లి, అవతలికి పోకుండా, మొదటి బండకూ రెండో బండకూ మధ్య ఉన్న సందులోంచి దిగితే, దీపా గారి కళ్లకు దాటబోయినట్టు ఉంటుంది, సుజాతకు ఇచ్చిన మాటా దక్కుతుంది. ఈ పరిష్కారాన్ని గంగాధర్ తీర్పుకు నివేదించాను.

"నడుమ దాకా పోతే దాటినట్టా, గంగాధర్?"

అతను నదిని చాలాసేపు చూశాడు. "నడుమ దాకా అయితే సగమే దాటినట్టు, బావా. సగానికి ఏం గాదు."

ఈ విధంగా, భర్తకు నీటిలో ఆపద రాకూడదని ఏర్పడిన ఒక నియమాన్ని కాపాడటానికి, నది మొత్తంలో ఎవరూ వెళ్లవద్దన్న ఏకైక చోటును నేను ఎంపిక చేసుకున్నాను. ఎంపిక చేసుకున్నప్పుడు ఇందులో ఏ వైరుధ్యమూ నాకు కనిపించలేదు.

నా వంతు వచ్చింది. నడిమి వరకు బాగానే వెళ్లాను. అక్కడ తెడ్డు ఆపి ముక్కు కిందికి తిప్పాను. ఒడ్డున గంగాధర్ రెండు చేతులతో గాలిని అవతలికి తోస్తున్నాడు. నీటి హోరులో మాట వినిపించలేదు; నన్ను ఉత్సాహపరుస్తున్నాడనుకున్నాను. సందు ఒడ్డు నుండి కనిపించినంత వెడల్పుగా లేదు. కయాకు ముక్కు బండకు తగిలింది, ప్రపంచం తలకిందులైంది, తరువాత నేను పడవలో లేను.

నీటి కింద ఏ వైపు పైన అనేది తెలియలేదు. పైకి వచ్చి ఒక ఊపిరి తీసుకున్నాను, మళ్లీ లోపలికి లాగబడ్డాను. రెండోసారి తేలినప్పుడు ఒక పసుపుపచ్చ తాడు నా భుజానికి మూరెడు దూరంలో నీటి మీద పడింది. విసిరినవాడు దీపా గారి సహాయకుడు మారుతి. అతను నిలబడినది అవతలి ఒడ్డున.

నేను తాడును చూశాను. అది ఏ ఒడ్డు నుండి వచ్చిందో చూశాను. సుజాత ముఖం చూశాను. అంతలో తాడు జరిగిపోయింది. మోచేయి బండకు కోసుకుంది, నోటినిండా నీళ్లు వచ్చాయి, తాడు కొస రెండోసారి దైవికంగా చేతికి తగిలింది, ఈసారి చేయి నన్ను సంప్రదించకుండా పట్టుకుంది.

అవతలి ఒడ్డు

యవతమాళ జిల్లాలో నేను మొట్టమొదట చేసిన పని వాంతి. మారుతి నా వీపు రాస్తూ, "ఝాలం, సర్, ఝాలం," అంటూ కూర్చున్నాడు. అయిపోయింది సార్, అయిపోయింది అని. ఎదుటి ఒడ్డున గంగాధర్ నెత్తి మీద చేతులు పెట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు.

దీపా గారు రాఫ్టులో దాటి వచ్చి, ముందు నా మోచేతికి కట్టు కట్టారు. తరువాత మామూలు గొంతుతో మాట్లాడారు. బోల్తా పడినందుకు ఎవరినీ తిరస్కరించనని, తానూ పడ్డానని అన్నారు. చెప్పిన దారి తప్పినందుకు తిట్టేదాన్ని, తిట్టి మళ్లీ నేర్పేదాన్ని అన్నారు. "పర్ తుమ్‌నే రస్సీ దేఖ్ కే సోచా. క్యా సోచా?"

తాడు చూసి ఆలోచించావు, ఏం ఆలోచించావు అని. అప్పుడు మొత్తం చెప్పాను. ఆమె నవ్వలేదు. తన ఊళ్లోనూ ఇలాంటివి ఉన్నాయన్నారు. నిన్ననే చెప్పి ఉంటే ఈవలి ఒడ్డున మరొక ఉరవడి చూపించి ఉండేదాన్ని అన్నారు. అయితే తాడు అందినప్పుడు ఆలోచించే మనిషికి ఆరుగురు ప్రయాణికులను అప్పగించలేనని చెప్పి, నా హెల్మెట్ తీసుకుని వెళ్లిపోయారు.

తిరిగి నదిని నీటి మీద దాటనని నేను పట్టుబట్టాను. ఇది పట్టుదలా, అలవాటా అని మీరు అడగవచ్చు, నన్ను నేను అడగలేదు. మారుతి మోటారుసైకిలు మీద పత్తి చేల మధ్య బురద దారిలో చాలా దూరం తిరిగి, వంతెన మీదుగా నన్ను ఈవలికి దించాడు. పెట్రోలుకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. వంతెన మీద కాళ్లు పైకి ఎత్తుకోలేదని తరువాత గుర్తుకు వచ్చింది.

గంగాధర్ నన్ను చూడగానే బూతు ఒకటి తిట్టాడు. మా బంధుత్వంలో అదే మొదటిసారి.

"దాటు బావా, అవతలికి దాటు అని గొంతు పోయేదాంక ఒర్రిన! చేతులు చూపెట్టిన! నువ్వేంది, బండల్లకు పోతవు!"

"సగానికి ఏం కాదన్నది నువ్వే."

"నేను టెంపో డ్రైవర్ని! నేనంటే నువ్వు ఇంటవా?"

బిలోలి

తిరుగు రైలులో గంగాధర్ ఒక కథ తయారు చేశాడు. "రాఫ్టుల పోయినం, మంచిగనే చేసినం, పైరవీ ఉన్నోనికి ఇచ్చిండ్రు. గంతే. చేయి బాత్రూముల జారింది." నాకూ అది సమంజసంగా తోచింది. నాందేడ్ వచ్చేవరకు ఇద్దరం దాన్ని మెరుగుపరిచాం.

ఇంట్లో సుజాత కట్టు చూసింది. మా కథ వినడానికి ఆమె కూర్చోలేదు.

"దాటినవా?"

"దాటాను," అన్నాను. తరువాత మిగిలినదంతా చెప్పాను. నడిమి గీత, సందు, తాడు. గంగాధర్ మెల్లగా వాకిట్లోకి వెళ్లిపోయాడు.

"తాడు చూసి ఆగినవా?" అన్నది.

"ఒక్క క్షణం."

ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "దాటద్దన్న. మునుగుమన్ననా? పోయినసారి నువ్వు మంజీర దాటుడుకే గట్లాయెనని నేను ఎన్నడన్న అన్ననా?"

"అనలేదు."

"మరి?"

"అనకపోతే, మనసులో అనుకుంటున్నావేమో అనుకున్నాను."

"డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఎవ్వరు ఏం చేసుడు వల్ల గాలేదని. నువ్వు అడుగుతవని చూసిన. నువ్వు అడగలె. అందరు నదినే పట్టుకున్నరు. నాకు నది తోని ఏం భయం? నువ్వు అటెటో పోయి రాకుంటే, కడుపుల పిల్లతోని నేనెట్ల బతుకుడని భయం."

రెండేళ్లలో ఆ పోయిన బిడ్డ గురించి మేము మాట్లాడుకున్నది అదే మొదటిసారి. ఆ రోజు పొయ్యి ఆలస్యంగా వెలిగింది. అత్తమ్మ లోపలికి వచ్చి, మా ఇద్దరినీ చూసి, బియ్యం కడగడానికి వెళ్లింది.

ఆ ఉద్యోగం కిన్వట్ యువకుడొకరికి దక్కింది. నేను ఇప్పటికీ నాయ్‌గావ్‌లో గంటల లెక్కనే పాఠాలు చెబుతున్నాను. డిసెంబరు చివర మాకు కూతురు పుట్టింది. అత్తమ్మ నిషేధాలు ఏవీ రద్దు కాలేదు. సుజాత ఏదైనా వద్దన్నప్పుడు, ఎందుకని నేను ఇప్పుడు అడుగుతున్నాను.